తెరిచి పెట్టిన గడి: జాంగో అడ్మిన్‌లో తాళం వెనుక కథ

ఖాతా కోడు చేర్చేటప్పుడు గడి తెరిచి ఉండాలి. ఒకసారి సేవ్ చేశాక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వెబ్‌సైట్లు కట్టే పైథాన్ సాధనం జాంగోలో, రికార్డులు చేర్చి దిద్దే తెరలైన అడ్మిన్‌తో పనిచేసేవారికి తరచూ వచ్చే అవసరమిది. ఆ కోడునే ప్రైమరీ కీగా, అంటే రికార్డును గుర్తుపట్టే ఏకైక విలువగా పెట్టుకుంటే మరీ ప్రమాదం: దాన్ని మార్చి సేవ్ చేస్తే పాత రికార్డు మారదు, దాని పక్కనే కొత్తది పుడుతుంది. ఇంత మామూలు కోరికకు మొదటి నుంచీ ఏర్పాటు ఎందుకు లేదు?

జాంగో పత్రికాఫీసు బిడ్డ. 2003లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ జర్నల్-వరల్డ్ దినపత్రికలో అడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ దీన్ని మొదలుపెట్టారు. 2005 జూలైలో అందరికీ విడుదలైంది. వార్త పెట్టాక శీర్షిక మారుతుంది, తప్పులు దిద్దుతారు. దిద్దుబాటే రోజువారీ పని అయిన చోట తాళం సంగతి ఎవరికీ తట్టకపోవడంలో వింతేమీ లేదనుకుంటాను.

తొలినాళ్లలో మోడల్‌లోనే, అంటే రికార్డులో ఏ గడులుండాలో చెప్పే కోడ్‌లోనే, ‘ఎడిటబుల్’ (దిద్దదగినది) అన్న గుణాన్ని తీసేసే వీలుండేది. కానీ అలా చేస్తే కొత్త రికార్డు చేర్చేటప్పుడూ గడి కనిపించదు. దాంతో జనం 1997 డిసెంబరులో హెచ్‌టీఎంఎల్ 4.0 తెచ్చిన రెండు గుర్తులను పట్టుకున్నారు. ‘డిసేబుల్డ్’ పెడితే బ్రౌజర్ ఆ విలువను సర్వర్‌కు పంపనే పంపదు. తప్పనిసరి గడి ఖాళీగా ఉందని ఫారం మొండికేస్తుంది. ‘రీడ్‌ఓన్లీ’ పెడితే విలువ వెళ్తుంది కానీ, డ్రాప్‌డౌన్‌కు అది వర్తించదు. పైగా రెండూ తెర మీది తాళాలే. బ్రౌజర్ కిటుకులు తెలిసినవారు ఆ గుర్తు తీసేసి వేరే విలువ పంపితే, విడిగా తనిఖీ రాసుకోని సర్వర్ కిమ్మనకుండా పుచ్చుకుంటుంది.

అసలు మలుపు 2010 మేలో వచ్చిన జాంగో 1.2 వెర్షన్. ‘రీడ్‌ఓన్లీ ఫీల్డ్స్’ జాబితాలో చేర్చిన గడిని అడ్మిన్ ఫారం నుంచే తప్పించి, విలువను ఉత్త అక్షరాలుగా చూపిస్తుంది. దొంగచాటుగా పంపినా పట్టించుకోదు. అయితే ఆ జాబితా, కొత్త రికార్డు చేర్చేటప్పుడూ గడిని మూసే ఉంచుతుంది! అక్కడ ఆదుకునేది ‘గెట్ రీడ్‌ఓన్లీ ఫీల్డ్స్’ అనే మెథడ్, అంటే మనం రాసుకోగల చిన్న కోడ్ ముక్క. దానికి ప్రస్తుత రికార్డు అందుతుంది; కొత్తదైతే ఆ చోట ‘నన్’ (ఏమీ లేదని అర్థం) ఉంటుంది. ‘నన్’ అయితే తెరువు, కాకపోతే మూయి. రెండు మూడు వరుసల కోడ్, అంతే.

2015 డిసెంబరులో 1.9 మామూలు ఫారాలకూ సర్వర్ వైపు పనిచేసే ‘డిసేబుల్డ్’ ఇచ్చింది. 2018 ఆగస్టులో 2.1 చూడటానికి మాత్రమే అనుమతి తెచ్చింది, కానీ అది మొత్తం రికార్డుకు వర్తించేది.

ఒక రికార్డు పేజీలోనే దాని కింది రికార్డులను వరుసలుగా చూపే ఇన్‌లైన్‌లలో ఈ చిట్కా ఇప్పటికీ తడబడుతుంది. అక్కడ మెథడ్‌కు అందేది ఆ వరుస కాదు, దాని పైనున్న రికార్డు. పాత బిల్లు కింద కొత్త వస్తువు చేర్చబోతే ఆ ఖాళీ వరుసకు కూడా తాళం పడి ఉంటుంది. అందుకే కొందరు ఒకే పట్టికకు రెండు ఇన్‌లైన్లు పెడతారు: పాతవి చూడటానికి ఒకటి, కొత్తవి చేర్చడానికి ఇంకొకటి.