‘గెట్ బ్యాక్ టు యూ’ అంటే రిజెక్ట్ చేసినట్టా? ఫ్రేజల్ వెర్బ్స్‌పై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనంతపురం, కర్నూలు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి పీజీల్లో ఉంటున్న పిల్లలే. బ్యాచ్‌లు మారినా ఒక ప్రశ్న మాత్రం మారదు. “మేడమ్, హెచ్ఆర్ ‘వీ విల్ గెట్ బ్యాక్ టు యూ’ అన్నారు. పోయినట్టేనా?”

అపోహ: ఆ మాట అన్నారంటే రిజెక్ట్ చేసినట్టే.

వాస్తవం: ‘గెట్ బ్యాక్ టు’ ఒక ఫ్రేజల్ వెర్బ్, అంటే క్రియకు ‘బ్యాక్’, ‘డౌన్’, ‘ఆన్’ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చే పదబంధం. దీనికి అర్థం తర్వాత జవాబు చెప్పడం. ఆ జవాబు అవునా కాదా అన్నది ఆ మాటలో లేదు. తీసుకోబోయేవాళ్లకూ అదే చెబుతారు, తీసుకోనివాళ్లకూ అదే చెబుతారు. ఇంటర్వ్యూ చేసినాయన ఇంకా మిగతావాళ్లను చూడాలి, పైవాళ్లతో మాట్లాడాలి కదా! ఇదేదో హెచ్ఆర్ కోడ్ భాష అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లు చూస్తే ఒళ్లు మండుతుంది.

పోయినేడాది ఒకమ్మాయి రూమ్మేట్ల మాట నమ్మి మెయిల్ చూడటమే మానేసింది. జాబ్ పోర్టల్ అలర్ట్‌ల కింద సెకండ్ రౌండ్ పిలుపు, తెరవకుండా, బోల్డ్ అక్షరాల్లో అలాగే పడి ఉంది. నాకు ఫోన్ చూపించేసరికి తేదీ దాటిపోయింది. ఫోన్ చేస్తే వేరేవాళ్లను తీసేసుకున్నామన్నారు. ఆ పిల్లను ఏమనగలం? వచ్చే నెల అద్దె ఎలా కట్టాలో తెలియక నిద్రపట్టని మనిషి చెడు కబురునే ముందు నమ్ముతుంది.

అందుకే కుర్చీలోంచి లేచేముందే అడగండి: “బై వెన్ కెన్ ఐ ఎక్స్‌పెక్ట్ టు హియర్ ఫ్రమ్ యూ?” చెప్పిన రోజు దాటితే మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. స్పామ్ కూడా చూసుకోండి.

ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టు బట్టీపడితే చాలనేది ఇంకో అపోహ. ‘టర్న్ డౌన్’ ఆఫర్ విషయంలో తిరస్కరించడం, టీవీ విషయంలో సౌండ్ తగ్గించడం. వాక్యంతో కలిపి నేర్చుకోండి. ఇక ‘రివర్ట్ బ్యాక్’ మన ఆఫీసుల్లో జవాబివ్వడం అనే అర్థంలో చెల్లుతుంది గానీ, అమెరికా క్లయింటుకు పాత స్థితికి మార్చడం అని తోస్తుంది. ‘రిప్లై’ అని రాస్తే గొడవే లేదు.

ఇవన్నీ బజారు ఇంగ్లిష్, మంచి రచనల్లో ఉండవు అనేవాళ్ల కోసం నేను ఇంగ్లిష్ కవి కిప్లింగ్ రాసిన ‘ఇఫ్’ పద్యం చదివిస్తాను. 1910లో పుస్తకంలో వచ్చింది. కాల్ సెంటర్‌లో పొద్దస్తమానం ‘హోల్డ్ ఆన్’ అంటాం, ఒక్క నిమిషం ఆగమని. ఈ పద్యంలో గుండె, నరాలు, కండలు అన్నీ అయిపోయి, సంకల్పం తప్ప మరేమీ మిగలని మనిషిలో ఆ సంకల్పం పలికే మాట కూడా ‘హోల్డ్ ఆన్’ అనే. అక్కడ దానికి అర్థం పట్టు వదలకు అని. ‘ఎండ్యూర్’ అని రాసినా అర్థం చెడదు గానీ, బిగించిన పిడికిలి కంటికి కనిపించదు. ఇంద్రధనుస్సును చూస్తే తన గుండె ‘లీప్స్ అప్’, అంటే ఎగిరి గంతేస్తుంది అని ఇంకో ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ 1802లోనే రాశాడు. ఈ రెండు పద్యాలూ ఎంత నెమ్మదిస్తులైన పిల్లలతోనైనా క్లాసులో గొంతెత్తి చదివిస్తాను.