ఇంగ్లిష్ క్రియలు, ‘ఎల్’ పేజీ: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ, పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. అచ్చంపేట, నారాయణపేట, దేవరకొండ వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది నోట్‌బుక్కుల్లో క్రియలన్నీ ఏ నుంచి జెడ్ దాకా వరుసగా ఉంటాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో తెలుగు మాట. రాత్రిళ్లు మేలుకొని బట్టీ పడతారు. అంత కష్టమూ మాట్లాడేటప్పుడు అక్కరకు రాకపోతే బాధగా ఉంటుంది. ఒక్క ‘ఎల్’ పేజీ తీసి చూద్దాం.

అపోహ: ఒక క్రియకు ఒక అర్థం తెలిస్తే చాలు.

వాస్తవం: ‘లీవ్’ పక్కన ‘వదులు’ అని రాసుకుంటారు. కానీ ‘ఐ లెఫ్ట్ నల్గొండ’ అంటే నల్గొండ నుంచి బయల్దేరాను, ‘ఐ లెఫ్ట్ ఫర్ నల్గొండ’ అంటే నల్గొండకు బయల్దేరాను. ‘ఫర్’ చేరగానే దిక్కే మారిపోయింది. ‘ఐ లెఫ్ట్ మై బ్యాగ్ ఇన్ ద బస్’ అంటే బస్సులో సంచి మరిచిపోయాను. ‘లుక్’ కూడా ఇంతే. పక్కన ‘ఫర్’ వస్తే వెతకడం, ‘ఆఫ్టర్’ వస్తే బాగోగులు చూసుకోవడం, ‘ఇంటూ’ వస్తే విచారించడం. మన ‘పెట్టు’ చూడండి: అన్నం పెట్టింది, పేరు పెట్టింది, తలుపు పెట్టింది. వీటిని పక్క మాటతో కలిపే నేర్చుకున్నాం, ఇంగ్లిష్ క్రియనూ అట్లాగే నేర్చుకోవాలి.

అపోహ: ‘లై’, ‘లే’ రెండూ ఒకటే.

వాస్తవం: ‘లే’ అంటే దేన్నైనా పెట్టడం, వేయడం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు: ‘నెహ్రూ లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్’. అదే ‘నాగార్జునసాగర్ లైస్ ఆన్ ద కృష్ణా’ అంటే డ్యామ్ కృష్ణా మీద ఉందని. ఇక్కడ ఎవరూ దేన్నీ పెట్టడం లేదు. అసలు చిక్కు భూతకాలంలో వస్తుంది. పడుకోవడానికి లై, లే, లెయిన్. పెట్టడానికి లే, లెయిడ్, లెయిడ్. అబద్ధమాడటానికి లై, లైడ్, లైడ్. కాబట్టి ‘హి లే ఆన్ ద కాట్’ అంటే మంచం మీద పడుకున్నాడు, ‘హి లైడ్’ అంటే అబద్ధమాడాడు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే ఇక్కడ తడబడతారు. తెలుగు మీడియంలో చదివామని మీరు సిగ్గుపడాల్సిన పనే లేదు.

అపోహ: ‘లెర్న్‌డ్’ తప్పు, ‘లెర్న్‌ట్’ ఒప్పు.

వాస్తవం: రెండూ ఒప్పే. అమెరికాలో మొదటిదే ఎక్కువ.

అపోహ: అక్షర క్రమంలో రాసుకుంటే గుర్తుంటాయి.

వాస్తవం: డిక్షనరీలో వెతకడానికి ఆ క్రమం మంచిదే. నేర్చుకునేటప్పుడు మాత్రం అది జోడీలను విడదీస్తుంది. చేబదులు ఇచ్చేవాళ్లు చేసేది ‘లెండ్’, తీసుకునేవాళ్లు చేసేది ‘బారో’. ఒకటి ‘ఎల్’ పేజీలో, ఇంకోటి ‘బి’ పేజీలో ఉండిపోవడంతో ‘కెన్ యు బారో మి ఎ పెన్’ అని తప్పుగా అడిగేస్తారు. ‘లెండ్ మి’ అనాలి. చెవిన పడితే ‘హియర్’, మనసుపెట్టి వింటే ‘లిజన్ టు’. ఈ రెండూ కూడా పక్కపక్కనే రాసుకోండి.

అపోహ: ‘లెట్’కు మూడు రూపాలూ ఒకటే కాబట్టి కాలం తెలియదు.

వాస్తవం: ‘హి లెట్స్ మి గో’ అంటే వెళ్లనిస్తాడు, ‘హి లెట్ మి గో’ అంటే వెళ్లనిచ్చాడు. ‘హి’, ‘షి’, ‘ఇట్’ తర్వాత ఇలాంటి మామూలు వాక్యంలో చివర ‘ఎస్’ లేదంటే అది జరిగిపోయిన పని. పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తే ముందు ఆ ‘ఎస్’ ఉందో లేదో చూడండి.