పది డాలర్ల పెట్టె ఎక్కడికి పోయింది? లెగో సూపర్ హీరో సెట్ల గొడవ వెనక కథ

బ్యాట్‌మన్ కథల్లో విలన్లని బంధించే పిచ్చాసుపత్రి అర్కమ్ అసైలమ్, దాని లెగో సెట్ 300 డాలర్లు పెట్టి కొనాలా వద్దా అని మొదలైన చర్చ మళ్ళీ పాత గొడవలోకే వెళ్ళిపోయింది. ఒక వర్గం వాళ్ళు ధరని పీసుల (విడి ఇటుక ముక్కల) సంఖ్యతో భాగించి, పీసుకి పది సెంట్లే పడుతోంది, ఇందులో దోపిడీ ఏముంది అంటారు. ఇంకో వర్గం వాళ్ళు, మాకు ఆ గోడలూ కిటికీలూ అక్కర్లేదు, లోపలున్న బొమ్మలు కావాలి, వాటి కోసం మొత్తం భవనం ఎందుకు కొనాలి అంటారు. ఏ పెద్ద సూపర్ హీరో సెట్ వచ్చినా ఇదే తంతు, రెండు వైపులా లెక్కలు చూపిస్తారు, రెండు లెక్కలూ కరెక్టే, అయినా ఎవరూ తగ్గరు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, కానీ మరీ వెనక్కి కాదు.

డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊళ్ళో ఒక వడ్రంగి పెట్టిన కంపెనీ, చెక్క బొమ్మల నుంచి ప్లాస్టిక్ ఇటుకల దాకా వచ్చిన వైనం, అదంతా అందరికీ తెలిసిందే. 2002లో స్పైడర్‌మన్ సెట్లు, 2006లో బ్యాట్‌మన్ సెట్లు వచ్చాయి, మధ్యలో స్పైడర్‌మన్ కామిక్స్ కంపెనీ మార్వెల్ లైసెన్స్ పోటీ బొమ్మల కంపెనీ మెగా బ్లాక్స్ దగ్గర ఉండేది. 2011 జులైలో లెగో కంపెనీ బ్యాట్‌మన్ కంపెనీ డీసీ, మార్వెల్, రెండిటి లైసెన్సులూ తనకే వచ్చాయని ప్రకటించింది, 2012 నుంచి రెండు వైపుల హీరోలూ ఒకే షెల్ఫ్ మీదకొచ్చారు. మన గొడవకి ఇంతవరకు చాలు.

ఇప్పుడు అర్కమ్ అసైలమ్‌నే తీసుకుందాం, ఎందుకంటే అదే భవనాన్ని కంపెనీ పదే పదే చేసింది కాబట్టి పోల్చడం తేలిక. 2006లో వచ్చింది 860 పీసులు, దాదాపు 80 డాలర్లు. 2013లో వచ్చింది 1619 పీసులు, 8 మినీఫిగర్లు (అంటే లోపలి బుల్లి మనిషి బొమ్మలు), 160 డాలర్లు. 2018లో బ్యాట్‌మన్ యానిమేషన్ సినిమా లైన్‌లో 1600 పైచిలుకు పీసులతో ఇంకోటి వచ్చింది. 2025లో వచ్చింది 2953 పీసులు, 16 మినీఫిగర్లు, 300 డాలర్లు. భాగించి చూడండి. మొదటి దాంట్లో పీసుకి తొమ్మిది సెంట్ల పైన, 2013 దాంట్లో పదికి కొంచెం తక్కువ, 2025 దాంట్లో పదికి కొంచెం ఎక్కువ. పందొమ్మిదేళ్ళలో పీసు ధర దాదాపు కదల్లేదు. బొమ్మల లెక్క వేసినా 2013లో ఒక్కోటి 20 డాలర్లు పడితే ఇప్పుడు 19 లోపే. అంటే రేటు పెరగలేదు, పెట్టె పెరిగింది. కూరగాయల బజార్లో కిలో రేటు మార్చకుండా, ఇకమీదట విడిగా అమ్మం, గంపగుత్తగానే తీసుకెళ్ళాలి అన్నట్టు ఉంది ఇది. కిలో రేటు చూసేవాడికి ఇందులో తప్పు కనపడదు, అరకిలో కోసం వచ్చినవాడు మాత్రం ఉత్త చేతులతో ఇంటికి పోతాడు.

నా ఉద్దేశంలో అసలు మలుపు 300 డాలర్ల పెట్టె రావడం కాదు, పది డాలర్ల పెట్టె పోవడం. దాని గురించి ఈ చర్చల్లో ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

2016లో మైటీ మైక్రోస్ అని ఒక లైన్ మొదలైంది. చిన్న పెట్టె, వంద లోపు పీసులు, ధర 9.99 డాలర్లు. లోపల రెండు బుల్లి కార్లు, ఒకదాంట్లో హీరో, ఇంకోదాంట్లో విలన్, ఇద్దరికీ పొట్టి కాళ్ళు, ఆ కాళ్ళు వంగవు, నిలబడాలి అంతే. ఫ్లాష్‌కి ఎదురుగా కెప్టెన్ కోల్డ్, కెప్టెన్ అమెరికాకి ఎదురుగా రెడ్ స్కల్, రాబిన్‌కి ఎదురుగా బేన్. ఏడాదికి ఆరు చొప్పున మూడేళ్ళు, మొత్తం పద్దెనిమిది పెట్టెలు. పక్కింటి పిల్లాడి పుట్టినరోజుకి వెళ్తూ దార్లో కొనుక్కెళ్ళే ధర అది. ఆ ఒక్క పెట్టెతో కథ కూడా మొదలవుతుంది, ఎందుకంటే కొట్టుకోడానికి ఇద్దరున్నారు, తోలడానికి రెండు బండ్లున్నాయి, ఇద్దరు పిల్లలుంటే చెరొకటి. పిల్లల కోసం సెట్ చేయడమంటే ఇదీ అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో ముఖ్యమైన విషయం, అందులో వేసిన క్యారెక్టర్లు. కిల్లర్ మాత్ లాంటి, కామిక్స్ చదివేవాళ్ళకి తప్ప తెలియని విలన్‌ని పది డాలర్ల పెట్టెలో వేశారు. బిజారో సంగతి చూడండి, ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. 2012లో అమెరికాలో శాన్ డియేగో ఊళ్ళో జరిగే కామిక్ కాన్ అనే కామిక్స్ మేళాలో బిజారో, షజామ్, నల్ల సూటు స్పైడర్‌మన్, ఫీనిక్స్ మినీఫిగర్లని అక్కడికొచ్చిన కొద్దిమందికే ఇచ్చారు. ఆ ఊరు వెళ్ళలేనివాడు తర్వాత సెకండ్ హ్యాండ్ మార్కెట్లో వాళ్ళు చెప్పిన ధరకి కొనుక్కోవాలి, లేదా ఊరుకోవాలి. అదే బిజారో 2017లో సూపర్‌మన్‌కి ఎదురుగా, కొత్త డిజైన్‌లో పొట్టి కాళ్ళతో, పది డాలర్ల పెట్టెలో ఏ బొమ్మల షాపులో అయినా దొరికాడు. అందరికీ అందని బొమ్మని అందరి ముందుకీ తెచ్చిన లైన్ అది. 2018 తర్వాత ఆగిపోయింది.

ఇక్కడే పీసు లెక్క చేసిన అన్యాయం ఉంది. వంద లోపు పీసులకి పది డాలర్లంటే పీసుకి పది సెంట్లు దాటిపోతుంది. అంటే ఆ కొలతలో ఈ చిన్న పెట్టె ఓడిపోతుంది, 3306 పీసులతో 250 డాలర్లకి 2019లో వచ్చిన, 1989 సినిమాలోని బ్యాట్‌మన్ కారు బ్యాట్‌మొబైల్ నెగ్గుతుంది, ఎందుకంటే దానికి పీసుకి ఏడున్నర సెంట్లే. కొలబద్ద పెద్ద సెట్లకే అనుకూలంగా ఉంది, చిన్న చిన్న పీసులు వేలల్లో పోస్తే లెక్క అందంగా వస్తుంది. పది డాలర్లు పెట్టి ఒక పిల్లాడు ఎన్ని రోజులు ఆడుకున్నాడు అన్నది ఆ భాగహారంలో ఎక్కడా రాదు.

2020 నుంచి పెద్ద సెట్ల మీద 18 ప్లస్ అని రాసి నల్ల పెట్టెల్లో పెట్టడం మొదలైంది. 2021లో స్పైడర్‌మన్ కథల్లోని పత్రికాఫీసు భవనం, డైలీ బ్యూగల్ వచ్చింది. 3772 పీసులు, 82 సెంటీమీటర్ల ఎత్తు, 25 మినీఫిగర్లు, 300 డాలర్లు. సెట్ గా అద్భుతం, నేను కాదనను, కిటికీ అద్దం పగలగొట్టుకుని గ్రీన్ గాబ్లిన్ బయటికి దూకుతున్నట్టు కట్టిన ఆ గోడ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ డేర్‌డెవిల్, పనిషర్, బ్లేడ్ అప్పటిదాకా మినీఫిగర్లుగా రాలేదు, మొదటిసారి వచ్చింది ఆ 300 డాలర్ల పెట్టెలో. రెండు మూడేళ్ళ ముందైతే వీళ్ళలో ఒకరిద్దరు మైటీ మైక్రోస్‌లో వచ్చేవాళ్ళేమో. 2020లో పది డాలర్లకే మెక్ సెట్లు, అంటే హీరో లోపల కూర్చుని నడిపే రోబోలు, వచ్చిన మాట నిజం, కానీ వాటిలో బొమ్మ ఒక్కటే, అది కూడా ఐరన్ మ్యాన్, స్పైడర్‌మన్, థానోస్ లాంటి అందరికీ తెలిసినవాళ్ళు. రోబోలో కూర్చోబెట్టాక ఎదురు నిలబడేవాడు ఉండడు, ఇంకో పది డాలర్లు పెట్టాలి.

2022లో ముడిసరుకు, నిర్వహణ ఖర్చులు పెరిగాయని కంపెనీ చాలా సెట్ల ధరలు పెంచింది, డైలీ బ్యూగల్ 350 అయింది. పెట్టె అదే, పీసులు అవే. అదే ఏడాది ఐరన్ మ్యాన్ భారీ కవచం హల్క్‌బస్టర్ వచ్చింది, 4049 పీసులు, 550 డాలర్లు, పీసుకి పదమూడున్నర సెంట్లు. అప్పుడు మాత్రం పీసు లెక్క వాళ్ళకీ కోపం వచ్చింది, బొమ్మల వాళ్ళు ఎప్పట్నుంచో ఉన్న కోపంతోనే ఉన్నారు, రెండు వర్గాలూ ఒకే మాట మీద నిలబడిన అరుదైన సందర్భం అది. మరుసటి ఏడాది అవెంజర్స్ టవర్ 5201 పీసులు, 31 మినీఫిగర్లతో 500 డాలర్లకి రాగానే మళ్ళీ విడిపోయారు. పీసుకి తొమ్మిదిన్నర సెంట్లే కదా అని ఒకరు, మార్వెల్ సినిమాల నిర్మాత కెవిన్ ఫైగీ బొమ్మ కూడా వేశారు, మా పిల్లలు అడిగే వాళ్ళు మాత్రం ఈ టవర్లోనే ఇరుక్కుపోయారు అని ఇంకొకరు. 2024లో ఎక్స్ మెన్ హీరోలు ఉండే భవనం ఎక్స్ మాన్షన్ 3093 పీసులు, 330 డాలర్లు, మినీఫిగర్లు పదే. భవనం పెద్దదే, జనం తగ్గారు.

పెద్దవాళ్ళ తరఫు మాట కూడా చెప్పాలి. ముప్పై నలభై ఏళ్ళవాళ్ళు సొంత డబ్బుతో కొనుక్కుని, రోజంతా ఆఫీసు పని అయ్యాక ఒక్కో బ్యాగ్ విప్పి కట్టుకుంటున్నారు, వాళ్ళకి ఆ పని ప్రశాంతత ఇస్తుంది, అందులో ఏ తప్పూ లేదు. విడి బొమ్మలు అమ్మట్లేదని కూడా అనలేం, 2017లో బ్యాట్‌మన్ సినిమా సిరీస్‌లో ఇరవై, 2021లో, 2023లో మార్వెల్ స్టూడియోస్ సిరీస్‌లలో పన్నెండేసి విడివిడిగానే వచ్చాయి. కాకపోతే లోపల ఎవరున్నారో తెలియకుండా అమ్ముతారు. ప్లాస్టిక్ కవర్ ఉన్నన్నాళ్ళు వేళ్ళతో తడిమి టోపీ తగిలిందా కత్తి తగిలిందా అని కనిపెట్టేవాళ్ళం, 2023 మార్వెల్ సిరీస్‌తో కాగితం పెట్టె వచ్చింది, తడిమే దారి పోయింది. కావాల్సినవాడు దొరికేదాకా కొంటూ పోవడం విడిగా అమ్మినట్టు ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఇంకో దెబ్బ. 2020 బడ్జెట్లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70 అయింది, 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నాణ్యత మార్కు తప్పనిసరి, విదేశంలో తయారుచేసే ఫ్యాక్టరీ అయినా లైసెన్సు తీసుకోవాల్సిందే. ఇక్కడి తయారీదార్లకి మేలు జరగాలని పెట్టినవి అవి, ఆ చర్చ వేరు. కానీ శాతాల్లో పడే భారం పది డాలర్ల పెట్టె మీద అయితే ఎలాగో ఓర్చుకుంటాం, మూడొందల డాలర్ల దాని మీద ఎలా? అందుకే హైదరాబాద్‌లో, విజయవాడలో చాలా ఇళ్ళల్లో లెగో అంటే అమెరికా నుంచి వచ్చే సూట్‌కేసే. మా అక్క డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా పెట్టె చింపేసి, లోపలి బ్యాగులు చీరల మధ్యలో సర్దుకుని తెచ్చేది. ఇరవై మూడు కిలోల లగేజీలో, తిరుగు ప్రయాణంలో ఆవకాయకి చోటు లెక్క చూసుకుంటూ ఒక చిన్న పెట్టె తేవడం కుదిరింది, ఐదు వేల పీసుల టవర్ ఎవరూ తేరు.

కాబట్టి సూపర్ హీరో సెట్ ఎలా ఉందో చెప్పమని అడిగితే నేను పీసుల సంఖ్య ఆఖర్న చూస్తాను. ముందు అందులో ఎవరున్నారు, వాళ్ళు ఇంకో చిన్న పెట్టెలో దొరుకుతారా అన్నది చూస్తాను. హీరోకి ఎదురు నిలబడేవాడు ఉన్నాడా, చేతుల మీద కాళ్ళ మీద ప్రింట్ ఉందా లేక ఛాతీ మీదే వేసి వదిలేశారా, వందల డాలర్లు తీసుకుని కూడా స్టిక్కర్లు అంటించుకోమన్నారా, ఇవి చూస్తాను. స్టిక్కర్ విషయం పెద్దవాళ్ళకి చిన్నదిగా అనిపించొచ్చు, కానీ ఏడేళ్ళ పిల్లాడు అంటిస్తే అది వంకరగానే పడుతుంది, ఆడగా ఆడగా అంచులు లేస్తాయి, ప్రింట్ అయితే ఆ బాధ ఉండదు.

అర్కమ్ అసైలమ్ ఈ లెక్కలో ఎక్కడుంది? పదహారు మంది, హీరోలూ విలన్లూ ఇద్దరూ ఉన్నారు, ఆట మొత్తం ఒకే పెట్టెలో ఉంది, ఆ రకంగా ఎక్స్ మాన్షన్ కన్నా నిజాయితీ గల సెట్టే. కొనుక్కోగలిగిన పెద్దవాళ్ళు కొనుక్కోండి, నిరాశపడరు. నేను అడిగేది దాని ధర తగ్గించమని కాదు, ఆ పదహారు మందిలో ఒక ఇద్దర్ని, ఒక హీరోని ఒక విలన్‌ని, రెండు బుల్లి కార్లతో మళ్ళీ పది డాలర్లకి, పోనీ పదిహేనుకి అమ్మమని. 2016లో చేశారు, 2017లో చేశారు, 2018లో చేశారు.