టెర్రియర్లు, హౌండ్లు, నల్లకోట్లు: పాత వేట ఫోటోల గురించి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండు పల్లెల నుంచి వచ్చే పాత ఫోటోల కాలం తేల్చి, జాబితా రాసి, భద్రపరచడం నా పని. వాటిలో వేట ఫోటోలకు కొదవ లేదు. గుర్రాల మీద దొరలు, చుట్టూ హౌండ్ల (వాసన పట్టి తరిమే వేటకుక్కల) గుంపు, పార పట్టుకున్న పనివాళ్లు, వాళ్ల కాళ్ల దగ్గర మూతినిండా మట్టితో టెర్రియర్లు అనే చిన్న వేటకుక్కలు. ఇలాంటి ఫోటోతో పాటు ఏదో ఒక కథ కూడా చేతికి వస్తుంది. ఆ కథను చివర్లో వినాలి. ముందుగా చూడాల్సింది కాగితాన్ని.

అపోహ: హౌండ్లు పరుగెడుతున్న ఈ ఫోటో 1860ల నాటిది.

వాస్తవం: అప్పటి తడి కొలోడియన్ పలక (రసాయనం పూసిన గాజు పలక) మీద బొమ్మ పడాలంటే మంచి వెలుతురులోనూ కొన్ని సెకన్లు పట్టేది. అంతసేపు కదలకుండా నిలబడమంటే మనుషులు నిలబడతారు, హౌండ్లు నిలబడవు. అందుకే ఆ కాలపు ఫోటోలు దాదాపు అన్నీ వేటకు బయలుదేరే ముందు, ఏ బంగళా ముంగిట్లోనో అందరినీ నిలబెట్టి తీసినవి. దగ్గరగా చూస్తే మనుషుల మీసాలు కూడా స్పష్టంగా ఉంటాయి, హౌండ్ల తోకలు మాత్రం మసకబారిపోయి ఉంటాయి. ఒక్కోచోట ఒకే మెడ మీద రెండు తలలు కనిపిస్తాయి. కొనేవాళ్లు దాన్ని లోపంగా చూపి బేరమాడతారు. నాకు మాత్రం ఆ మసక తోకే మొదటి సాక్ష్యం.

పరుగు దృశ్యం కనిపిస్తే పది రెట్ల భూతద్దం పెట్టి చూడండి. వరుసలు తీరిన చుక్కలుంటే అది అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మ. సన్నని గీతలుంటే ఎవరో చెక్కిన పలక నుంచి తీసిన ముద్ర. రిచర్డ్ లీచ్ మ్యాడాక్స్ 1871లో జెలటిన్ పొడి పలక పద్ధతిని ప్రకటించారు. ఆ పలకలు మెరుగుపడి 1880 ప్రాంతంలో అందరికీ దొరకడం మొదలయ్యాకే కదిలే జంతువు మామూలు ఫోటోగ్రాఫర్ల కెమెరాకు చిక్కడం మొదలైంది.

అపోహ: అందరూ నల్లకోట్లలో ఉన్నారు, ఎవరో పెద్దమనిషి పోయినట్టుంది.

వాస్తవం: ఎవరూ పోలేదు. అవి చాలావరకు వేటకు వేసుకునే ఎర్రకోట్లే. తొలి పలకలు నీలి వెలుగును మాత్రమే బాగా పట్టుకునేవి, ఎరుపు వాటికి చీకటితో సమానం. 1873 తర్వాత రంగు మందులు కలిపి ఆకుపచ్చ, పసుపు వరకు దారి చేశారు గానీ ఎరుపును కూడా పట్టే ప్యాంక్రోమాటిక్ పలకలు లండన్ మార్కెట్లోకి వచ్చింది 1906లో. ఆ తర్వాత కూడా చాలామంది పాత రకాన్నే వాడారు. కాబట్టి హౌండు ఒంటి మీద నల్లగా కనిపించే మచ్చ నిజానికి ఎర్రగోధుమ రంగు కావచ్చు. పాత ఫోటోల్లో మచ్చలు చూసి వంశావళి రాసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. పాత ఫోటోలకు రంగులద్దే సాఫ్ట్‌వేర్లకు అసలు తెలియనే తెలియదు. హౌండ్లను నడిపే హంట్స్‌మన్‌కు నిక్షేపంగా నల్లకోటు తొడిగి వదిలేస్తాయి.

అపోహ: జాక్ రస్సెల్ గారి ‘ట్రంప్’ అనే కుక్క ఫోటో దొరికింది.

వాస్తవం: దొరకదు. డెవాన్‌లో మతాధికారిగా పనిచేసిన, జాక్ రస్సెల్ టెర్రియర్లకు పేరునిచ్చిన జాన్ రస్సెల్ (1795–1883) ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒక పాలవాడి దగ్గర ఆ ఆడ టెర్రియర్‌ను కొన్నారని ప్రసిద్ధి. ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైంది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 1839లో. ట్రంప్‌కు ఉన్నది చిత్రకారుడు గీసిన బొమ్మే.

అపోహ: గుర్రాలు లేవు, అందరూ నడిచే ఉన్నారు. కాబట్టి ఇది దొంగవేట.

వాస్తవం: ఇంగ్లండు వాయవ్యంలోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద గుర్రాలతో వేట సాగదు. అక్కడ హంట్స్‌మన్ కూడా నడవాల్సిందే. అల్స్‌వాటర్ హౌండ్లను దశాబ్దాల పాటు నడిపిన జో బోమన్ అలా పేరు తెచ్చుకున్నవాడే. హౌండ్లు వాసన పట్టి నేల మీద తరుముతాయి. నక్క బొరియలో దూరితే టెర్రియర్ లోపలికి వెళ్లి మొరుగుతూ చోటు చెబుతుంది, లేదా నక్కను బయటికి తోలుతుంది. పార ఉన్నది ఆ చోట తవ్వడానికే.

అపోహ: వేట ఫోటో అంటే నక్క వేటే.

వాస్తవం: ముందు చెట్లను చూడండి. నక్క వేట నవంబరు నుంచి చలికాలమంతా సాగేది, అందుకే ఆ ఫోటోల్లో కొమ్మలు మోడుగా ఉంటాయి. చెట్లు పచ్చగా ఉండి, మనుషులు పొడవాటి కర్రలతో ఏటిలో వరుస కట్టి నిలబడితే అది నీటికుక్కల (ఆటర్ల) వేట. లోతుగా తవ్విన గొయ్యి, గోనెసంచి, పొడవాటి ఇనుప పట్టకారు కనిపిస్తే బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువు కోసం తవ్వారన్నమాట. బ్యాడ్జర్లకు 1973లో, నీటికుక్కలకు 1978లో చట్టరక్షణ వచ్చింది. ఇంగ్లండు, వేల్స్‌లలో హౌండ్లతో నక్కల వేటను నిషేధించిన 2004 నాటి చట్టం 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది.

చచ్చిన జంతువును కత్తిరించి ప్రతి ఇమ్మని కొందరు అడుగుతారు. నేను ఇవ్వను. అది తీసేస్తే మిగిలేది పారలు పట్టుకుని నవ్వుతున్న మనుషులు. ఎందుకు నవ్వుతున్నారో చూసేవాళ్లకు తెలియకుండా పోతుంది.

వెనక యూకలిప్టస్ చెట్లుంటే ‘ఇంగ్లండు’ అని రాసే ముందు ఆగండి. ఊటీలోనూ హౌండ్లతో వేట సాగింది, అక్కడ తరిమింది మన నక్కనే, ఇంగ్లండులోని ఎర్రనక్కను కాదు. ఆస్ట్రేలియా కూడా కావచ్చు. హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ తీసిన నిజాం వేట ఫోటోలను మాత్రం ఈ కట్టలో కలపకండి, అవి తుపాకీ వేటలు.

అపోహ: గోధుమ రంగులో ఉంటే పాతదే.

వాస్తవం: ఆ రంగును ఇరవయ్యో శతాబ్దంలోనూ కావాలని వేయించుకున్నారు. పోస్టుకార్డు అయితే వెనక్కి తిప్పండి. చిరునామాకూ ఉత్తరానికీ మధ్య గీత ఉంటే, బ్రిటన్‌లో అది 1902కు ముందుది కాదు.

అపోహ: లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటుంది.

వాస్తవం: వేడికీ జిగురుకూ ఫోటో మీది బొమ్మ పొర పాడవుతుంది. పాలిస్టర్ కవరులో పెట్టి, వెనక మెత్తని పెన్సిలుతో తేలిగ్గా రాస్తే చాలు. లామినేషన్ చేయించాక నా దగ్గరికి తెచ్చినా, స్కాన్ తీసి ఇవ్వడం తప్ప నేను చేయగలిగింది లేదు.