టేకు అయితే చెద పట్టదా? పాత చెక్క మిద్దెలు: అపోహలు, వాస్తవాలు

దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో పాత మిద్దె ఇల్లు. ముందు వైపు పై అంతస్తులో చెక్క వరండా, కింద దాన్ని మోసే ఆరు చెక్క స్తంభాలు, మా మాటలో మొగరాలు, వాటి తలల మీద చెక్కిన పూలు. ఇంటి పెద్దమ్మ మనవడి పెళ్లి ఇంకో నెలలో ఉంది. చెక్కకంతా కాఫీ రంగు పెయింట్ వేయించారు, నిగనిగలాడుతోంది. నన్ను పిలిచింది ఒక తలుపు కింద రాసుకుంటోందని మాత్రమే. ఆ పని అరగంటలో అయిపోయింది. పోతూ పోతూ, అలవాటు కొద్దీ, వరండా దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్ గుచ్చాను. పిడి దాకా దిగిపోయింది.

"మొన్ననే పెయింట్ ఏయించినం గద బిడ్డా" అంది పెద్దమ్మ.

మా నాయన వెంట పదహారేళ్ల వయసులో ఉలి పట్టాను. నల్లగొండ నుంచి పాలమూరు దాకా పాత ఇళ్ల దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలు, మెట్లు బాగుచేస్తూనే ఉన్నాను. ఏ ఇంటికి పోయినా అవే మాటలు వింటాను. వాటిలో ప్రాణం మీదికి తెచ్చేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టేకు కర్రకు చెద పట్టదు.

సగం నిజం. చెద తినడానికి ఇష్టపడనిది టేకు చేవను. నడిమధ్యలో ముదురు రంగులో ఉండేదే చేవ. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ గుణం లేదు. దాన్ని చెద తింటుంది, పురుగు తొలుస్తుంది, తడి తగిలితే పుచ్చుతుంది. పాతకాలం దూలాలు బాగా ముదిరిన చెట్లవి, అందుకే నిలిచాయి. ఇప్పుడు పొలం గట్ల మీద పెంచి పదిహేను, ఇరవై ఏళ్లకే కొట్టిన టేకులో తెల్ల చెక్క చాలా ఉంటుంది. పాలిష్ కొడితే రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి. కొనేటప్పుడు కోసిన కొస వైపు చూడండి, అక్కడ దాచలేరు.

ఇంకో సంగతి. చేవను తినకపోయినా చెద దాని మీదుగా మట్టి దారి కట్టుకుని అవతలి చెక్కలోకి పోతుంది. గోడ మీద అలాంటి మట్టి దారి కనిపిస్తే అంతా తుడిచేయకండి. మధ్యలో కొంచెం చెరిపి రెండు, మూడు రోజులు ఆగి చూడండి. మళ్లీ కట్టిందంటే లోపల చెద ఉన్నట్టే. పురుగైతే గుర్తు వేరు. చెక్కకు సన్న రంధ్రాలు, కింద పిండి లాంటి పొడి. ఊడ్చేసి కాగితం పరచండి. మళ్లీ పొడి రాలితే పురుగు ఇంకా బతికుంది.

అపోహ: మా పాలమూరులో వానలే తక్కువ, చెక్క ఎట్లా పుచ్చుతుంది?

పుచ్చడమంటే ఒక రకం బూజు చెక్కను తినడం. చెక్కలో తేమ నూటికి ఇరవై పాళ్లు దాటి అట్లాగే నిలిచిపోతే ఆ బూజుకు పండగ. మన ఎండాకాలంలో గాలి తగిలే చెక్కలో అందులో సగం తేమ కూడా ఉండదు. కానీ ఊరంతా ఎండినా ఒక్క మూల తడిగా ఉంటే చాలు. అది బాత్రూం పైపు కావచ్చు, ఏసీ నీళ్లు కారే చోటు కావచ్చు, గోడ బీట కావచ్చు.

రైతులకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. పొలం చుట్టూ పాతిన కంచె కర్ర ఎక్కడ విరుగుతుంది? పైన కాదు, లోతున కాదు, సరిగ్గా నేల మట్టం దగ్గర. అక్కడ తడి ఉంటుంది, గాలీ ఉంటుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే కర్ర గాలి అందక ఏళ్ల తరబడి నిలుస్తుంది. తడి, గాలి కలిసే చోటే చెక్క పోతుంది.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. అందుకే మొగరాన్ని నేలలో పాతలేదు, కింద రాతి దిమ్మె పెట్టి దాని మీద నిలబెట్టారు. ఇప్పుడు ఏం చేస్తున్నారంటే, ఇల్లు బాగుచేస్తున్నామని నేల ఎత్తు పెంచి, కాంక్రీటు పోసి, పైన టైల్స్ వేస్తున్నారు. దిమ్మె లోపల పూడిపోతుంది, మొగరం పాదం కాంక్రీటులో కూరుకుపోతుంది. నేల కడిగిన ప్రతిసారీ ఆ సందులోకి నీళ్లు దిగుతాయి, బయటికి రావు. వందేళ్లు నిలిచిన మొగరం ఇట్లా పదేళ్లలో కింది నుంచి పుచ్చిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. నేల ఎత్తు పెంచక తప్పదంటే మొగరం చుట్టూ జానెడు చోటు వదిలి టైల్స్ వేయించండి. చూడటానికి బాగుండదని మేస్త్రీ అంటాడు. అననివ్వండి.

అపోహ: పైకి గట్టిగా ఉంది, లోపలా గట్టిగానే ఉంటుంది.

పెయింట్ పొర కింద గుల్ల దాక్కుంటుంది. నేను ముందు చూసేది దూలం నడుమ కాదు, కొసలు. గోడలోకి దూరిన భాగం, మొగరం మీద కూర్చున్న భాగం, రెండు చెక్కలు కలిసే చోటు, మేకు దిగిన చోటు. సుత్తి పిడితో తట్టితే మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. అనుమానం ఉన్న చోట ఉలి మొనతో చిన్న ముక్క పెకలించి చూస్తాను. మంచి చెక్క పొడుగు పేళ్లుగా లేస్తుంది. పుచ్చింది బెల్లం ముక్క లాగా పుటుక్కున అడ్డంగా విరుగుతుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, వానాకాలం ముందు ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకోవచ్చు. అయితే కింద నిలబడి చేయండి. అనుమానం ఉన్న వరండా మీదికి ఎక్కి చేయకండి.

అపోహ: మిద్దె కురుస్తోందా, పైన రెండు అంగుళాల కాంక్రీటు పోస్తే సరి.

నాకు టెన్షన్ పెట్టే మాట ఇదే. లెక్క వేద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గది. దాని మీద రెండు అంగుళాల కాంక్రీటు అంటే 11 క్వింటాళ్ల పైనే. 45 కిలోల యూరియా బస్తాలు 25 తెచ్చి ఆ గది మీద పేర్చి, ఎప్పటికీ దించకపోవడం లాంటిది. అప్పటికే ఆ మిద్దె మీద అరడుగు మట్టి ఉంటే అదే పాతిక క్వింటాళ్ల దాకా ఉంటుంది. వానకు తడిస్తే ఇంకా పెరుగుతుంది. దంతెల మీద ఇంత మోపి, పైగా కాంక్రీటుతో కప్పేస్తే, కింద నానిన మట్టి ఆరదు. నీళ్లు పైకి కనిపించడం మాత్రం ఆగుతుంది. చెక్క పుచ్చడం కనిపించకుండా సాగుతుంది.

చేయాల్సింది దీనికి తిరగేసిన పని. ముందు పాత మట్టి దించాలి. ఏటేటా కురిసినప్పుడల్లా ఒక్కో తట్ట పోస్తూ వచ్చిన మట్టి అది, అసలు మందం కంటే రెండింతలు ఉన్న ఇళ్లున్నాయి. దించేటప్పుడు కూడా మిద్దె మీదే ఒక మూల గుట్టలా పోయకండి, మధ్య నుంచి రెండు వైపులా సమంగా తీయండి. తర్వాత దంతెలు ఒక్కొక్కటీ చూసి, వాలు సరిచేసి, నీళ్లు పోయే దారి పెట్టి, అప్పుడు తేలికైన కప్పు గురించి ఆలోచించాలి. అదీ ఇంజినీరును అడిగాక. దీనికి వడ్రంగి ఒక్కడి మాట చాలదు, నా మాటైనా సరే.

అపోహ: కాలిన ఆయిల్ పూస్తే చెక్కకు తిరుగుండదు.

మెకానిక్ షాపులో ఊరికే దొరుకుతుంది, అందుకే ఇంత పేరు. అది లోపలికి పెద్దగా దిగదు, దుమ్మును పట్టుకుంటుంది, అంటుకుంటే మండుతుంది. ఇంజిన్‌లో కాలిన నూనెలో ఒంటికి హాని చేసే లోహాలు, రసాయనాలు ఉంటాయి. పిల్లలు చేతులు ఆనించే మెట్ల కర్రకు పూసే వస్తువు కాదది.

అపోహ: ఊగుతోందా? నాలుగు పెద్ద మేకులు కొట్టు.

మేకు పక్కకు నెట్టే బలాన్ని ఆపుతుంది కానీ, గుంజితే ఊడి వస్తుంది. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాళ్ల ఇంటి వెనక డెక్ ఉంది. నేల నుంచి ఎత్తుగా కట్టి ఇంటి గోడకు ఆనించిన చెక్క అరుగు అన్నమాట. కాలు పెడితే కదులుతోందని వీడియో కాల్‌లో చూపించాడు. "మామా, పలకలు పాతబడ్డయి, మార్చుకుంట" అన్నాడు. పలకలు తర్వాత, ఫోన్ కిందికి దించి గోడకు ఆనించిన అడ్డ చెక్క చూపించమన్నాను. మొత్తం మేకులే, ఒక్క బోల్టు లేదు. డెక్‌లు కూలేది ఎక్కువగా ఆ అడ్డ చెక్క దగ్గరే. గుంజితే ఊడే మేకుల మీద దాన్ని ఆధారపెట్టకూడదని అక్కడి ఇళ్ల నియమాల్లోనే రాసి ఉంది. బోల్టులు వేయించి, పైన నీళ్లు దిగకుండా రేకు వంచి పెట్టించే దాకా దాని మీద పార్టీలు వద్దన్నాను. 2004 కంటే ముందు కట్టిన డెక్ అయితే ఆ చెక్కకు ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించి ఉండే అవకాశం ఎక్కువ. దాని ముక్కలు పొయ్యిలో కాల్చకూడదు. ఇప్పటి మందు చెక్కలో రాగి ఉంటుంది, మామూలు ఇనుప స్క్రూలను తినేస్తుంది. గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ వాడాలి.

మన దంతెలకూ ఇదే వర్తిస్తుంది. బలహీనపడ్డ దంతె పక్కన కొత్తది తోడుగా వేస్తే అటు నుంచి ఇటు రంధ్రం వేసి బోల్టు బిగించాలి, వాషర్ మరవకూడదు. ఆ కొత్త దంతె రెండు కొసలూ ఆనుడు మీద కూర్చోవాలి. నడుమ మాత్రమే అతికిస్తే అది అలంకారమే.

అపోహ: పాత దూలం తీసి కొత్తది పెట్టడమే కదా, ఇద్దరు మనుషులు చాలు.

దూలం తీసే ముందు దాని బరువు ఇంకొకరు మోయాలి. సెంట్రింగ్ జాకీలు, అంటే స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనుప కాళ్లు, దూలానికి రెండు వైపులా పెట్టాలి, పాదాల కింద మందపాటి పలక వేయాలి. పై అంతస్తులో జాకీ పెడితే, సరిగ్గా దాని కింద కింది అంతస్తులోనూ జాకీ ఉండాలి. లేకపోతే బరువు ఇంకో పాత చెక్క మీదికి పోతుంది. జాకీని ఆనేదాకా బిగించండి చాలు, పైకి లేపాలని చూడకండి. ఏళ్లుగా వంగిన దూలాన్ని ఒక్కరోజులో నిటారు చేస్తే గోడ బీటలిస్తుంది. కొత్త దూలం కొసను గోడలో పెట్టేటప్పుడు కింద రాయి వేసి, పక్కల వేలు పట్టే సందు వదలండి. సిమెంటుతో కప్పేస్తే మళ్లీ అదే కథ.

దుమ్ము గురించి ఒక మాట. చెక్క పొడిని ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సర్ ముప్పు ఉందని తేలింది. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, కట్టడి చేసిన నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అందుకని పాత రంగును పొడిగా గీకకుండా తడిపి గీకండి, మంచి మాస్కు పెట్టుకోండి, చిన్నపిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచండి. మా నాయన తరం ముక్కుకు తువ్వాల కట్టుకుని సరిపెట్టుకుంది. ఆయన దగ్గు చివరిదాకా పోలేదు.

దేవరకొండ ఇంటికొస్తే, వరండా 20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. పెళ్లికొడుకును తీసుకుపోయే ఊరేగింపు చూడటానికి నలభై మంది దాని మీదికి ఎక్కుతారని వాళ్లే చెప్పారు. మనిషికి 60 కిలోల చొప్పున 24 క్వింటాళ్లు. ఇవాళ కొత్తగా బాల్కనీ కట్టినా ఇంజినీర్లు పాటించే కట్టడాల కోడ్ ప్రకారం చదరపు మీటరుకు 300 కిలోల లెక్కే వేస్తారు, అంటే ఆ వరండాకు 22 క్వింటాళ్లు. ఇక పుచ్చిన దూలం మాట చెప్పాలా? పై తలుపుకు తాళం వేయించి, కింద జాకీలు పెట్టాం. పెద్దమ్మకు ముందు కోపమొచ్చింది. తర్వాత జాకీలకు తనే మామిడి తోరణాలు కట్టించింది.

పెళ్లయ్యాక గోడ విప్పితే, పక్కనే కొత్తగా కట్టిన బాత్రూం పైపు జాయింటు దగ్గర చెమ్మ. నా పని మొదలుపెట్టక ముందే ప్లంబర్‌ను పిలిపించాను. దూలం కొస మూడడుగులు పోయింది, మొగరం తల మీది పూలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని జాగ్రత్తగా దించి, పని అయ్యాక మళ్లీ అదే చోట కూర్చోబెట్టాం.