డిస్క్ పెట్టాక కూడా డిస్క్ పెట్టమంటే

డిస్క్ లోపలే ఉంటుంది. కంప్యూటరేమో డిస్క్ పెట్టమంటుంది. బయటికి తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెడతాం. కాసేపు గర్రుమని తిరిగి, టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోతుంది. సీడీలు, డీవీడీలు చదివే డ్రైవ్ పోయిందని తీర్పు ఇచ్చేస్తాం.

పాటలు, సినిమాలు ఫోన్లోకి వెళ్లిపోయాక ఈ డ్రైవ్‌తో పని తగ్గిన మాట నిజమే. కానీ 2000 తర్వాత చాలా ఏళ్లపాటు మన ఇళ్లలో జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు సీడీల్లో, డీవీడీల్లోనే ఉండిపోయాయి. ఎంఆర్ఐ తీయించుకుంటే ఫిల్ముతో పాటు సీడీ కూడా చేతిలో పెట్టే స్కానింగ్ సెంటర్లు ఉన్నాయి. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు డ్రైవ్‌తో అవసరం పడుతుంది. అన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు గనుక, అది చెడిపోయిన సంగతి కూడా సరిగ్గా ఆ రోజే బయటపడుతుంది.

తప్పు డిస్క్‌దా, డ్రైవ్‌దా, మధ్యలో ఉన్న కేబుల్‌దా, విండోస్‌దా? ఇది తేల్చకుండా కొత్త డ్రైవ్ కొంటే డబ్బు దండగ కావచ్చు. తేల్చడం మరీ కష్టమేమీ కాదు. ఏ డిస్క్‌ని చదువుతోంది, దేన్ని చదవలేకపోతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది గమనిస్తే చాలు. అయితే అంతకుముందు ఆ డబ్బా లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

సీడీ అంటే 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలికార్బొనేట్ ప్లాస్టిక్ బిళ్ల. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన ఈ బిళ్ల 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. దాని మీద మధ్యలోంచి అంచు వైపు చుట్లు చుట్లుగా పోయే, సమాచారం రాసి ఉండే ఒకే ఒక్క బాట ఉంటుంది. విప్పి సాగదీస్తే ఐదు కిలోమీటర్ల పైమాటే. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య ఎడం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), డీవీడీలో అయితే 0.74 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో సీడీ చుట్లు నలభై దాకా పడతాయి.

ఆ బాట మీది నుంచి లేజర్ చుక్క పక్కకు జారకూడదు. పైగా డిస్క్ తిరిగేటప్పుడు పైకీ కిందికీ అర మిల్లీమీటరు దాకా ఊగవచ్చు. ఫోకస్ మాత్రం ఒకటి రెండు మైక్రాన్లకు మించి తప్పకూడదు. అందుకని లెన్స్‌ని సన్నని తీగల మీద వేలాడదీసి, పక్కన చిన్న చిన్న అయస్కాంతాలు, తీగచుట్టలు అమర్చారు. డిస్క్ నుంచి తిరిగొచ్చిన వెలుతురు ఆకారాన్ని బట్టి ఫోకస్ ఎటు తప్పిందో డ్రైవ్ గ్రహించి, ఆ తీగచుట్టల్లో కరెంటు పెంచుతూ తగ్గిస్తూ లెన్స్‌ని క్షణక్షణం సర్దుతుంటుంది. సీడీని మామూలుగా పాటలు వినే వేగానికి గరిష్ఠంగా 52 రెట్ల వేగంతో చదివే డ్రైవ్‌లో డిస్క్ నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. ఆ గిరగిరల్లోనూ ఈ సర్దుబాటు తప్పదు. మధ్య రంధ్రం దగ్గర చీలిక పట్టిన డిస్క్ ఆ వేగానికి లోపలే ముక్కలైపోవచ్చు, అలాంటిది పెట్టనే వద్దు. పేరు రాసి అంటించిన కాగితపు స్టిక్కరు కూడా బరువు ఒక పక్కకు లాగేలా చేస్తుంది. పెళ్లి డిస్క్‌లు కొన్ని ఊరికే అదిరిపోతుండడానికి కారణం అదే.

ట్రే లోపలికి వెళ్లగానే డ్రైవ్ ముందు లేజర్ వెలిగించి, లెన్స్‌ని పైకీ కిందికీ కదిపి ఫోకస్ దొరుకుతుందేమో చూస్తుంది. దొరికితే అది సీడీనో డీవీడీనో తేల్చుకుని మోటారు వేగం పెంచుతుంది. ఆ తర్వాత మధ్య రంధ్రానికి దగ్గరగా ఉన్న భాగంలోకి వెళ్లి డిస్క్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే పట్టిక చదువుతుంది. ఇదంతా చెవికి తెలుస్తుంది. డిస్క్ అసలు తిరగడమే మొదలుపెట్టలేదంటే చాలావరకు ఫోకస్ దొరకనట్టే. లెన్స్ మీద దుమ్ము ఉండొచ్చు, లేజర్ నీరసించి ఉండొచ్చు, డిస్క్ తిరగేసి పెట్టి ఉండొచ్చు (నవ్వకండి, బొమ్మ లేని డిస్క్‌లతో ఇది మామూలే). జోరుగా తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతుంటే ఆ పట్టిక చదవలేక అవస్థ పడుతోందన్నమాట. గీత చిన్నదే అయినా రంధ్రానికి దగ్గరగా పడితే డిస్క్ మొత్తం పోయినట్టు కనిపించడం ఇందుకే.

నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి ఆధారం వేరే ఉంది. డీవీడీ డ్రైవ్‌లో లేజర్లు రెండు. సీడీ కోసం 780 నానోమీటర్ల పరారుణ లేజర్, డీవీడీ కోసం 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. రెండూ ఒకేసారి ముసలివి కావు. డీవీడీలన్నీ చక్కగా ఆడుతూ సీడీ ఒక్కటీ ఎక్కడం లేదంటే, లేదా దీనికి తలకిందులుగా జరుగుతుంటే, ఇక కేబుల్‌ని, మోటారుని, విండోస్‌ని అనుమానించక్కర్లేదు. రెండు లేజర్లలో ఒకటి పోయింది, అంతే. ఇంకో తేడా కూడా ఉంది. షాపులో కొన్న సినిమా డిస్క్‌ని ఫ్యాక్టరీలో అచ్చు వేస్తారు, దాని సమాచారం చిన్న చిన్న గుంటలుగా ప్లాస్టిక్‌లోనే ఉంటుంది. స్టూడియోవాళ్లు రైట్ చేసి ఇచ్చిన పెళ్లి డిస్క్‌లో గుంటలుండవు. ఒక రంగు పూతని లేజర్ కాల్చగా పడిన మచ్చలుంటాయి. అవి వెలుతుర్ని అచ్చు డిస్క్ అంత బాగా తిప్పికొట్టవు. ఎండలో, వేడిలో పడి ఉంటే ఆ రంగు ఇంకా వెలిసిపోతుంది. అచ్చు డిస్క్‌లు ఆడుతూ, రైట్ చేసినవన్నీ ఆగిపోతుంటే డ్రైవ్ చూపు మందగిస్తోందని అర్థం. రైట్ చేసినవాటిలో ఏదో ఒక్కటే ఆగితే తప్పు ఆ డిస్క్‌దే.

మరి గీతలు పడ్డ డిస్క్‌లు కూడా నిక్షేపంలా ఆడుతుంటాయే? దానికి కారణం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు అమెరికన్లు ప్రకటించిన లెక్క. రాయాల్సిన అంకెలకు కొన్ని అదనపు అంకెలు జోడిస్తే, మధ్యలో కొన్ని పోయినా మిగిలినవాటి నుంచి వాటిని తిరిగి రాబట్టవచ్చు. సీడీలో దీనికి ఇంకో ఏర్పాటు తోడైంది. పక్కపక్కన ఉండాల్సిన అంకెల్ని దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు. ఊళ్లో ఒక ఇల్లు మునిగినా దస్తావేజులన్నీ పోకుండా తలా ఒక కాగితం దాచుకున్నట్టన్నమాట. బాట వెంట దాదాపు 2.5 మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా సీడీ పూర్తిగా కోలుకోగలదు. డిస్క్‌ని గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదని చెప్పేది ఇందుకే. అలా తుడిస్తే పడే గీత బాట వెంబడే సాగి, దిద్దుబాటు శక్తిని దాటిపోతుంది. మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిస్తే, గీత పడినా ఒక్కో చుట్టునూ ఒక్కో చోట అడ్డంగా దాటుతుంది, అంతే. ఈ లెక్క వల్ల ఒక చిక్కు కూడా లేకపోలేదు. దిద్దుకోగలిగినంత కాలం లోపం పైకి కనిపించదు. దిద్దుకోలేని రోజున డిస్క్ ఒక్కసారిగా మూగబోతుంది.

గీతల మీద టూత్‌పేస్ట్ రుద్దే వైద్యం మెరిసే వైపు పైపై గీతలకు ఎంతో కొంత పనిచేస్తుంది. కానీ సీడీలో సమాచారం ఉండేది బొమ్మ వైపు, లేబుల్ కిందనే. అటు పూత లేచిపోయి, దీపానికి అడ్డం పెట్టినప్పుడు చిల్లులు కనిపిస్తే ఆ భాగం పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ రేకుల మధ్య ఉంటుంది గనుక ఆ భయం తక్కువ.

డ్రైవ్ బాగానే ఉండి నింద మోసే సందర్భాలూ ఉన్నాయి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ఇంగ్లిష్ సినిమా డీవీడీ రీజియన్ 1ది అయ్యుంటుంది (రీజియన్ అంటే ఆ డీవీడీ ఏ దేశాల్లో ఆడాలో చెప్పే అంకె), మన దేశం రీజియన్ 5. డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చుకోనిస్తారు, ఆ తర్వాత అది శాశ్వతం. విండోస్ 8 నుంచి సినిమా డీవీడీ ఆడించే సదుపాయం విండోస్‌తో పాటు రావడం లేదు. డిస్క్‌లో ఫైళ్లు కనిపిస్తూ సినిమా మాత్రం రాకపోతే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకుంటే సరిపోతుంది.

కంప్యూటర్‌లో డ్రైవ్ ఐకానే కనిపించకపోతే ముందు బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు పనిచేసే ప్రోగ్రాం) సెటప్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ డ్రైవ్ పేరు కనిపించి విండోస్‌లో లేదంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది. పాత సీడీ రైటింగ్ ప్రోగ్రాములు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) వదిలిపోయిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రెండు మాటలు దీనికి తరచుగా కారణమవుతాయి. బయాస్‌లోనే లేదంటే కేబుల్ మార్చి చూడాలి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే ఇంకో పవర్ పిన్ను పెట్టి చూడాలి. లైటు వెలుగుతూ ట్రే గానీ మోటారు గానీ కదలకపోతే పసుపు తీగలో వచ్చే 12 వోల్టులు అందడం లేదేమో అనుమానించాలి. ట్రే సగంలో ఇరుక్కుంటే చాలాసార్లు లోపలి చిన్న రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది. కంప్యూటర్ ఆపేసి, ముందు వైపున్న సన్నని రంధ్రంలో తిన్నగా సాగదీసిన జెమ్ క్లిప్పు గుచ్చితే ట్రే బయటికి వస్తుంది.

లెన్స్ తుడవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన ఇయర్ బడ్ చాలు, ఒత్తకుండా ఒకసారి అద్ది తీయాలి. లెన్స్ మామూలుగా ప్లాస్టిక్‌దే. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ తగిలితే మసకబారిపోతుంది. మూత విప్పి ఉన్నప్పుడు మాత్రం కరెంటు ఇవ్వకండి. రైటర్ డ్రైవ్‌లోని లేజర్ కంటికి ప్రమాదం, పైగా పరారుణ లేజర్ వెలుగుతున్నట్టు మనకు సరిగా కనిపించనే కనిపించదు. లేజర్ పక్కనుండే చిన్న స్క్రూ తిప్పి దాని బలం పెంచమని సలహాలిచ్చేవాళ్లున్నారు. కొన్నాళ్లు ఆడుతుంది, ఆ తర్వాత ఇంకా త్వరగా చస్తుంది. నా మటుకు నేను అది వైద్యం కింద లెక్కపెట్టను.

ఇవన్నీ అయ్యాక కూడా డ్రైవ్‌దే తప్పని తేలితే మార్చడం తేలిక. ప్లగ్గు పీకేసి, క్యాబినెట్ రెండు పక్కల రేకులూ తీయాలి, ఎందుకంటే డ్రైవ్‌ని రెండు వైపులా స్క్రూలు పట్టి ఉంచుతాయి. డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపే సన్నని సాటా కేబుల్‌కి చిన్న ఇనుప నాలుక ఉంటే దాన్ని నొక్కి లాగాలి, తీగ పట్టుకుని లాగితే డ్రైవ్ లోపలి ప్లాస్టిక్ విరుగుతుంది. తర్వాత డ్రైవ్‌ని ముందు వైపుకి తోస్తే జారి వచ్చేస్తుంది. స్క్రూలు కలిపేసుకోకండి. డీవీడీ డ్రైవ్‌వి సన్న మరలున్న ఎం3 స్క్రూలు, పెద్ద హార్డ్ డిస్క్‌వి కాస్త లావు, ముతక మరలు. అవి ఇందులో బలవంతంగా బిగిస్తే మర పాడైపోతుంది.

పాత కంప్యూటర్‌లో వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటే అది ఐడీఈ రకం. కొనేముందు ఇది చూసుకోవాలి. డ్రైవ్ వెనకున్న జంపర్‌ని (డ్రైవ్ మాస్టరో స్లేవో, అంటే ఒకే కేబుల్ మీద మొదటిదో రెండోదో చెప్పేందుకు పిన్నుల మీద తొడిగే చిన్న ముక్క) పాతదానిలాగే పెట్టాలి. ఒకే రిబ్బన్‌కి రెండు మాస్టర్లు తగిలిస్తే రెండూ కనిపించకుండా పోవచ్చు. కొత్త క్యాబినెట్లలో అసలు డీవీడీ డ్రైవ్‌కి జాగాయే ఉండడం లేదు, అక్కడ యూఎస్‌బీ డ్రైవే గతి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ వేగం అందుకునేటప్పుడు కొన్ని డ్రైవ్‌లకు అది చాలదు. హబ్బుకి కాకుండా సీపీయూ డబ్బా వెనక పోర్టుకి తిన్నగా తగిలించాలి.

డ్రైవ్ మార్చాక మొదటి పని డిస్క్‌లన్నీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం. మధ్యలో ఆగిపోయే డిస్క్‌ల కోసం లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ముందు చదవగలిగినదంతా చదివేసి, మొండికేసిన చోట్లను ఒక ఫైలులో రాసిపెట్టుకుంటుంది. తర్వాత అదే డిస్క్‌ని ఇంకో డ్రైవ్‌లో పెడితే ఆ ఖాళీలను మాత్రమే మళ్లీ ప్రయత్నిస్తుంది. లెన్స్, లేజర్, మోటారు తీరు డ్రైవ్ డ్రైవ్‌కీ కాస్త వేరు కాబట్టి, కొత్తది వదిలేసిన చోటుని ఒక్కోసారి పాతది చదివేస్తుంది. అందుకని పాత డ్రైవ్ సీడీ లేజర్ పోయినా డీవీడీ లేజర్ బాగుంటే, డీవీడీల కాపీ పూర్తయ్యేదాకా దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి.