గండిపేట ఎండిన ఏడాదే నిజాంపేట మునిగింది

2016 ఎండాకాలానికి హైదరాబాద్ జలాశయాలు గండిపేట, హిమాయత్‌సాగర్ రెండూ అడుగంటాయి. అదే ఏడాది సెప్టెంబరులో నగరంలోని నిజాంపేట భండారీ లేఅవుట్‌లో సెల్లార్లు నిండిపోయి జనం అపార్ట్‌మెంట్లలో చిక్కుకుపోయారు. వాన రాకపోతే ఎల్‌నినో, ముంచేస్తే లానినా అని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. అసలు లెక్క అంత సులువుగా లేదు.

పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో నీళ్లు మామూలుకన్నా వేడెక్కితే ఎల్‌నినో, చల్లబడితే లానినా. ఎల్‌నినోలో గాలి పైకి లేచి మేఘం కట్టే చోటు అటు జరిగిపోతుంది. మన వైపు గాలి కిందికి దిగుతూ మేఘాన్ని ఎదగనివ్వదు. 1876లో మొదలైన ధాత కరువును ముదిర్చిందీ ఇదే. వానల్ని ముందే పసిగట్టాలన్న పట్టుదల ఆ కరువు తర్వాతే బలపడింది. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్‌కూ హిందూ మహాసముద్రానికీ మధ్య గాలి పీడనం తక్కెడలా ఊగుతోందని లెక్కలు కట్టి చూపించాడు. దాన్ని సముద్రపు వేడితో ముడిపెట్టింది మాత్రం 1960లలోనే.

ఎల్‌నినో వస్తే వాన తగ్గుతుందన్న సూత్రం 1997లో తప్పింది. ఎల్‌నినో భీకరంగా ఉన్నా దేశంలో వాన సాధారణంకన్నా కాస్త ఎక్కువే పడింది. ఆ ఏడాది హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి మనకు తేమ పంపింది. దీన్నే ఇండియన్ ఓషన్ డైపోల్ అంటున్నారు. 1999లో గానీ దానికి ఆ పేరు పడలేదు. 2015లో ఎల్‌నినో తన పని తాను చేసింది: దేశానికి 14 శాతం లోటు, గండిపేటకు ఎండిన నేల.

ఇదంతా సీజన్ మొత్తం సంగతి. నగరాన్ని ముంచే వాన దారి వేరు, అది చాలాసార్లు బంగాళాఖాతం నుంచి వస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వేల ప్రాణాలు తీసింది అలాంటి తుఫాను వానతోనే. దాని తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం బేగంపేటలో ఒక్కరోజే 19 సెంటీమీటర్లు కురిపించింది. నాలాల మీద ఇళ్లు కట్టుకుని బంగాళాఖాతాన్ని తిట్టుకున్నాం, అది వేరే సంగతి.

2023 చూడండి. జూన్‌లోనే ఎల్‌నినో వచ్చేసింది. అయినా జులై ఆఖరున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి దేశం చూసిన ఆగస్టుల్లోకెల్లా పొడిది. భూతాపం ఇక్కడే చెయ్యి పెడుతోంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది. 1950ల నుంచి ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఇంచుమించు ఒక డిగ్రీ వేడెక్కింది. ఎల్‌నినో ఏడాదిలో వాన రోజులు తగ్గినా, పడ్డ రోజున ఆకాశం చిల్లు పడినట్టు కురవడానికి అడ్డేమీ లేదు.

నిజాంపేట పక్కనే, ప్రగతినగర్‌లో సముద్రాల సమాచారం సేకరించే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. సముద్రంలో 2,000 మీటర్ల లోతుకు దిగి, పది రోజులకోసారి పైకి తేలే ఆర్గో పరికరాల సమాచారం అక్కడికి చేరుతుంది. ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఇచ్చే అంచనాకు సముద్రాల వేడే ముఖ్య ఆధారం. అది చెప్పేది నాలుగు నెలల మొత్తం వాన గురించే. ఏ రోజు ఏ కాలనీ మీద పది సెంటీమీటర్లు పడుతుందో తెలియాలంటే అల్పపీడనం పుట్టేదాకా ఆగాల్సిందే. అప్పటికి చేతిలో మిగిలేది రెండు మూడు రోజులే. ఉన్నట్టుండి కమ్ముకొచ్చే క్యుములోనింబస్ (ఉరుముల) మేఘాలైతే కొన్ని గంటలే ఇస్తాయి.